గడువు లేని బాకీ

ప్రజ సర్కారుకు బాకీపడినచో దాని కొక గడువుండును. ఇంటిపన్ను గడువు దాటినచో వడ్డీ పడును. కరెంటు బిల్లు గడువు దాటినచో అదనపు రుసుము పడును. మరికొంత దాటినచో తీగ తెగును. ఇందులో అన్యాయమున్నదని మేమనము. లెక్క లెక్కగానే యుండవలెను. కాని సర్కారే ప్రజకు బాకీపడినప్పుడు ఆ గడువేది? ఆ వడ్డీ యేది? ఈ ప్రశ్నను మేము కోస్గి ప్రాంతపు వికలాంగుల పక్షమున నేడడుగుచున్నాము. వారికి నెలనెలకు రావలసిన పింఛను వచ్చుచునే యున్నది. ఎప్పుడు వచ్చునో మాత్ర మెవరికిని తెలియదు. ఈ తెలియకపోవుటయే వారి దుఃఖమునకు మూలమని మా యభిప్రాయము.

కోస్గి చిరకాలము మహబూబునగరము జిల్లాలో నుండి, 2019లో నారాయణపేట జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినది. చుట్టును ఎఱ్ఱనేలలు, వాననే నమ్ముకొన్న చేలు, జొన్న, కంది, ఆముదము. వాన మొగము చాటుచేసిన యేడు మూటాముల్లె కట్టుకొని బొంబాయికో, పూనాకో, హైదరాబాదుకో కూలికి పోవుట యీ పాలమూరు సీమకు తరతరముల యలవాటు. దేశములోని పెద్దపెద్ద కట్టలును, కాలువలును, మేడలును పాలమూరు కూలీల చేతిమీదుగా లేచినవను మాట పొగడ్త కాదు, చరిత్ర. అట్టి పనులలో మేడమీదినుండి జారి నడుము విరిగినవారు, రాయి పడి కాలు పోయినవారు, యంత్రములో చేయి పోగొట్టుకొన్నవారు ఇంటికి తిరిగివచ్చి గడపలో కూర్చుండిరి. పుట్టుకతోనే చూపు లేనివారును, చిన్ననాడు పోలియో సోకినవారును వీరికి తోడు. పొరుగున నున్న నల్లగొండ సీమలో త్రాగిన నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకలను వంచివేసిన సంగతి లోకమెల్ల నెరిగినదే. ఇట్టివారికి నెలకొక్కమారు వచ్చు పింఛనే పంట, అదియే జీతము, ఇంటిలో వారి మాటకు విలువ నిలుపునదియు నదియే.

ఒక నెల పింఛను మరుసటి నెల చివరనో, ఆ మీది నెలలోనో చేతి కందుట మన పల్లెలలో నెవరికిని క్రొత్త కాదు. తపాలా కచ్చేరి యెదుట గద్దెమీద కూర్చుండి, "ఇంకను పడలేదు" అను మాట విని, మరల ఆటోకు డబ్బులిచ్చి యింటికి పోవుటయు క్రొత్త కాదు. కాళ్ళున్నవాడు నాలుగుమార్లు తిరిగినచో కాళ్ళు మాత్రమే నొచ్చును. కాళ్ళు లేనివాడు నాలుగుమార్లు తిరిగినచో ప్రతిమారును మరియొకని బ్రతిమాలవలెను, ప్రతిమారును బండికి కూలి యియ్యవలెను. పింఛనులో కొంత పింఛను తెచ్చుకొనుటకే కరగిపోవును.

ఈ యాలస్యమునకు వెల కట్టి చూతము. తెలంగాణమున వికలాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలుగా నిర్ణయింపబడినది. ఒకనికి పింఛను ఎల్లప్పుడును ఒక నెల వెనుకబడి వచ్చుచున్నదనుకొందము. ఆ నెల మందులకును, బియ్యమునకును వాడు అప్పు చేయవలెను గదా. పల్లెలో నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి తెచ్చెననుకొన్నచో, నెలకు 120 రూపాయలకు పైగా వడ్డీ. ఏడాదికి 1,445 రూపాయలు దాటును. అనగా ఒక నెల పింఛనులో మూడవ వంతును మించి సాహుకారుకు పోవును. సర్కారు తన బొక్కసమున నొక నెల నిలుపుకొన్న ధనమునకు వికలాంగుడు తన నోటి కూటినుండి వడ్డీ కట్టుచున్నాడు. పేదవాడు సర్కారుకు అప్పిచ్చుచున్నాడు. అదియు వడ్డీ లేని యప్పు. దీనికి మరియొక పేరు మాకు తోచుటలేదు.

ఇంత మాత్రమున సర్కారులు చేసినది మరువరాదు. ఉమ్మడి రాష్ట్రమున వికలాంగుల పింఛను నెలకు 500 రూపాయలుండెను. 2014 నవంబరులో ఆసరా పథకము మొదలైనప్పుడు అది 1,500 అయినది. ఆ పథకమునకు ప్రారంభోత్సవము జరిగినది నాటి మన మహబూబునగరము జిల్లాలోని కొత్తూరునందే. 2019లో అది 3,016కును, 2023లో 4,016కును పెరిగినది. 2023 శాసనసభ యెన్నికలలో దీనిని 6,000 చేసెదమని కాంగ్రెసు పక్షము వాగ్దానము చేసెను. కేంద్రసర్కారు సంగతి వేరు. అది 2009లో ఇందిరాగాంధీ పేర నొక వికలాంగ పింఛను పెట్టి, 2012లో దానిని నెలకు 300 చేసి, ఆపై దశాబ్దమునకు మించి ఆ యంకె నంటనేలేదు. అదియు నూటికి 80 పాళ్ళు వైకల్యమున్న నిరుపేదకు మాత్రమే. కావున మొత్తమును పెంచుటలో రాష్ట్రము ముందే యున్నది. ఎంత యియ్యవలెనను చర్చ ప్రతి యెన్నికలోను జరుగుచున్నది. ఎప్పుడియ్యవలెనను చర్చ మాత్ర మేయెన్నికలోను జరుగలేదు. నేడు మేము పెంపుగూర్చి మాటాడుట లేదు. ఇచ్చెదమన్నది చెప్పిన దినమున నియ్యుడని మాత్రమే యడుగుచున్నాము.

అడుగుటకు వీరికి హక్కున్నదా యని కొంద రందురు. "ఉద్యోగి పింఛను చేసిన కొలువుకు ప్రతిఫలము, వికలాంగుని పింఛను సర్కారు దయ, దయకు తేదీ యుండునా?" అని వారి వాదము. ఈ మాట పాతకాలపు దర్బారులకు తగును. ప్రభువు కనికరించిననాడు ఖైరాతు, కనికరింపనినాడు లేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరినప్పుడు మన ప్రజ ఆ దర్బారు గడపను దాటినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 41వ అధికరణమున, నిరుద్యోగము, వృద్ధాప్యము, రోగము, అంగవైకల్యము కలిగినప్పుడు ప్రజలకు రాజ్యసహాయము పొందు హక్కును కల్పింపవలెనని చెప్పినది. అచ్చట వాడబడిన మాట హక్కు, దయ కాదు. ఆ యధికరణము న్యాయస్థానము ద్వారా నేరుగా అమలు జరుపదగినది కాదనుట నిజమే. కాని అది దేశపాలనకు మూలసూత్రమని ఆ రాజ్యాంగమే చెప్పినది. స్వరాజ్యమనగా దొరలు మారుట కాదు. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమ నున్న సంబంధము మారుట.

ఆ సూత్రమునకు శాసనరూపము 2016లో వచ్చినది. వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19 నుండి అమలులో నున్నది. 1995 నాటి పాత చట్టము స్థానమున వచ్చిన యీ చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. దాని 24వ సెక్షను సాంఘిక భద్రతను గూర్చినది. వికలాంగులకు తగిన జీవనస్థాయిని కాపాడు పథకములను సర్కారు చేయవలెననియు, అట్టి పథకములలో వికలాంగుల కిచ్చు సహాయము ఇతరుల కిచ్చుదానికంటె నూటికి 25 పాళ్ళైనను హెచ్చుగా నుండవలెననియు అది శాసించుచున్నది. వికలాంగ పింఛను ఆ సెక్షనులో పేరుపెట్టి చెప్పబడినది. అయితే అందులోనే "ఆర్థికశక్తికి లోబడి" యను భావము గల మాట యొకటి యున్నది. ఖజానా వెలితిగా నున్నదను ప్రతి సర్కారును ఆ మాటను డాలుగా పట్టుకొనును. మేము చెప్పున దేమనగా: ఆర్థికశక్తి ఎంత యియ్యవలెనో నిర్ణయించుటకు ప్రమాణము, నిర్ణయించినదానిని ఎగవేయుటకో, వాయిదా వేయుటకో ప్రమాణము కాదు. తన శక్తి నెరిగియే సర్కారు 4,016 అని ఉత్తరువు చేసెను. పెట్టలేనివాడు విస్తరి వేయకుండునుగాని, విస్తరి వేసి అతిథిని కూర్చుండబెట్టి లేచిపోడు గదా.

తేదీ నిర్ణయించుట అసాధ్యమా? కాదు. మన దేశపు అత్యున్నత న్యాయస్థానమే యొకమారు నిర్ణయించి చూపినది. 2001లో పౌరహక్కుల ప్రజాసంఘము ఆహారహక్కును గూర్చి దావా వేయగా, ఆ యేడు నవంబరు 28న సుప్రీముకోర్టు మధ్యంతరపు ఉత్తరువు నిచ్చెను. అందులో వృద్ధాప్య పింఛను ప్రతినెల 7వ తేదీలోగా చెల్లింపవలెనని రాష్ట్రముల నాజ్ఞాపించెను. ఒక్క అంకె, 7. ఆ యొక్క యంకెతో దయ హక్కుగా మారినది. 7వ తేదీ దాటినచో వృద్ధుడు "ఎప్పుడిత్తురు బాబూ" యని బ్రతిమాలనక్కరలేదు. "ఏల యియ్యలేదు" అని యడుగవచ్చును. ఆ యుత్తరువు వృద్ధులను గూర్చినది; నాటికి కేంద్రపు వికలాంగ పింఛను పుట్టనే లేదు. ఆ న్యాయము వికలాంగునికి మాత్ర మేల వర్తింపరాదు? 2005లో చేసిన గ్రామీణ ఉపాధిహామీ చట్టము కూడ కూలి 15 దినములలో చేతి కందవలెననియు, ఆలస్యమైనచో పరిహార మియ్యవలెననియు నియమము చేసినది. ఆ చట్టము క్రింద పనులు మొదలైన తొలి జిల్లాలలో మన మహబూబునగర మొకటి. కావున ఆలస్యమునకు వెల కట్టుట మన పల్లెలకు తెలియని విద్య కాదు.

వడ్డీ మాటకు వత్తము. 2020 మార్చిలో మహమ్మారి వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ సర్కారు తన యుద్యోగుల జీతములలోను, విశ్రాంతుల పింఛనులలోను కొంతభాగమును వాయిదా వేసెను. పదవీవిరమణ చేసిన జిల్లా న్యాయమూర్తి యొకరు అందరి పక్షమున హైకోర్టునకు పోయిరి. నిలుపుకొన్న ధనమును నూటికి 12 వడ్డీతో చెల్లింపుమని హైకోర్టు తీర్పు చెప్పెను. సర్కారు సుప్రీముకోర్టునకు పోయెను. 2021 ఫిబ్రవరి 8న ఆ న్యాయస్థానము వడ్డీని నూటికి 6కు తగ్గించెను గాని, వడ్డీ కట్టవలసినదేనని స్థిరపరచెను. జీతమును పింఛనును పొందుట ఉద్యోగికి న్యాయముగా గల హక్కనియు, ఆలస్యము చేసిన సర్కారు ఆ యాలస్యమునకు బాధ్యత వహింపవలెననియు దాని తాత్పర్యము. అంతకు పూర్వమే, 1982 డిసెంబరులో, నకారా దావాలో అదే న్యాయస్థానము పింఛను ప్రభువు విసరివేయు దానము కాదని తేల్చియుండెను.

ఈ తీర్పులు కొలువు చేసినవారి పింఛనులను గూర్చినవని మేమెరుగుదుము. నేరుగా ఆసరా పింఛనుకు వర్తించునని మేము చెప్పుట లేదు. కాని ధర్మము ఒక్కటే గదా. నెల నిండినది, పేరు జాబితాలో నున్నది, మొత్తము ఉత్తరువులో నున్నది. ఆపై మిగిలినది చెల్లించుట మాత్రమే. కొలువు చేసినవానికి ఆలస్యమైనచో నూటికి 6 వడ్డీ న్యాయమైనచో, మేడలు కట్టి నడుము విరుగగొట్టుకొన్నవానికి అది అన్యాయమగునా? ఆ లెక్కను 4,016 రూపాయలకు ఒక నెల యాలస్యమునకు సర్కారు కట్టవలసిన వడ్డీ 20 రూపాయలు. సాహుకారుకు వికలాంగుడు కట్టుచున్నది 120. ఈ 20 రూపాయలు ఖజానాను ముంచవు. కాని ఆలస్యము చేసిన ప్రతి కాగితముమీదను ఆ 20 పడినచో, కాగితము కదలుట నేర్చుకొనును.

ఈ రోగము మన దేశమునకే ప్రత్యేకమైనది కాదు. ఇంగ్లండులో 2013లో వికలాంగుల కొక క్రొత్త భృతి పెట్టిరి. అర్జీలు గుట్టలుగా పేరుకొనినవి. నిర్ణయములు నెలలతరబడి రాలేదు. ఏడాదికి మించి వేచిన యొక స్త్రీయు, సుమారు పదినెలలు వేచిన యొక పురుషుడును లండనులోని హైకోర్టునకు పోయిరి. వారి పేర్లు బయటపడకుండ దావాలో అక్షరములు మాత్రమే వాడిరి. 2015 జూనులో న్యాయమూర్తి ఆ యిరువురి విషయమున జరిగిన యాలస్యము చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. గడువు చట్టములో వ్రాయకపోయినను, నిర్ణయము తగిన కాలములో చేయు విధి సర్కారుకు గలదని ఆ తీర్పు సారము. అర్జీ పెట్టుకొన్నవారందరికిని వర్తించునట్టి సాధారణ ప్రకటన న్యాయస్థానము చేయలేదు. అది దాని పరిమితి. అయినను ఆలస్యము అసౌకర్యము మాత్రమే కాదు, చట్టోల్లంఘనమని యొక న్యాయస్థానము నోరు తెరచి చెప్పుట స్వల్పము కాదు. ఆలస్యము అమృతమును విషము చేయునని మన పెద్దలు చెప్పిన మాటనే వారు తీర్పుగా వ్రాసిరి.

ఇక సర్కారు పక్షమున చెప్పబడు మాటలను విచారింతము. దొంగ ధ్రువపత్రములు హెచ్చినవి, విచారణ లేక చెల్లింపరాదు, అని యొక వాదము. దొంగ పత్రములు లేవని మేమనము. నడుచువాడు నడువలేనివాని కూడు తినుట నేరమే, దానిని పట్టుకొనవలసినదే. కాని ఒక్కని మీద అనుమానముండిన వానికి నోటీసు నిచ్చి, వాని మాట విని, వ్రాతపూర్వకముగా కారణము చెప్పి నిలుపవలెను. నూర్గురిలో నొక్కడు దొంగయని నూర్గురకును నెల దాటించుట విచారణ కాదు. మరియు సదరము శిబిరమున వైద్యుడు పరీక్షించి నూటికి 40 పాళ్ళో, 80 పాళ్ళో వైకల్యమని వ్రాసియిచ్చినదే ధ్రువపత్రము. ఆ పత్రమునకే యిప్పుడు గడువు పెరిగినది. 2017 నాటి నియమముల ప్రకారము అర్జీ పెట్టిన నెలలోగా ధ్రువపత్ర మియ్యవలసియుండెను; 2024 అక్టోబరులో చేసిన సవరణ ఆ గడువును మూడు నెలలు చేసెను. గడువు తప్పుచున్నదని మొరపెట్టుకొన్నవారికి, గడువునే పొడిగించుట జవాబైనది. ఇప్పటి ప్రభువులు వికలాంగులను దివ్యాంగులని పిలువుడనిరి. పేరు మార్చుట కాలస్యము కాలేదు. పూట గడుచుట మాత్రము వెనుకటివలెనే యున్నది.

"ఇది యంతయు సరియే, కాని కోర్టున కెక్కుట పేదవానికి తరమా?" అని మా పాఠకు లడుగవచ్చును. కోర్టులో గెలిచినవాడు ఇంటికి పోయి యేడ్చెనట, ఓడినవాడు అచ్చటనే యేడ్చెనట, అను సామెత మేమును విన్నాము. కోస్గినుండి మూసీ యొడ్డునగల హైకోర్టునకు నూరు కిలోమీటర్లకు మించిన దారి. కావున హైకోర్టు చివరి మెట్టు; మొదటి మెట్టు కాదు. దానికి ముందు నాలుగు మెట్లున్నవి; అవి చాలమందికి తెలియవు. మొదటిది, వ్రాతమూలకమైన అర్జీ. పల్లెవారు మండల పరిషత్తు కచ్చేరిలోను, పట్టణమువారు పురపాలక కచ్చేరిలోను, సోమవారముల ప్రజావాణిలో కలెక్టరుకును అర్జీ యిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. నోటిమాట గాలిలో పోవును. రసీదు న్యాయస్థానమున నిలుచును. రెండవది, 2005 నాటి సమాచారహక్కు చట్టము. ఫలాన నెల పింఛను విడుదల యుత్తరువు ఏ తేదీన వచ్చినది, ఏ తేదీన చెల్లించిరి, నడుమ ఎచ్చట నిలిచినది అని అడిగినచో 30 దినములలో జవాబియ్యవలెను. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. మూడవది, 2016 చట్టము క్రింది రాష్ట్ర వికలాంగుల కమిషనరు. సాక్షులను పిలిపించుటలోను, కాగితములు తెప్పించుటలోను ఆ కమిషనరుకు సివిలు కోర్టున కుండు అధికారములున్నవి. ఆయన చేసిన సిఫారసును ఒప్పుకొనని కచ్చేరి కారణములను మూడు నెలలలో తెలుపవలెను. నాలుగవది, ఉచిత న్యాయసహాయము. 1987 నాటి న్యాయసేవల చట్టము 12వ సెక్షను వికలాంగునికి ఉచితముగా వకీలును పొందు హక్కు నిచ్చినది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును. 15100 అను అంకెకు ఫోను చేసినను దారి చూపుదురు.

ఈ నాలుగు మెట్లెక్కినను తలుపు తెరువనిచోనే అయిదవది, రాజ్యాంగపు 226వ అధికరణము క్రింద హైకోర్టులో మాండమసు రిట్టు. సర్కారు తన విధిని తాను చేయునట్లు ఆజ్ఞాపించుమని కోరుట దాని యర్థము. ఒక్కొక్కడు ఒక్కొక్క నెల పింఛనుకై రిట్టు వేసినచో వాని నెల వానికి రావచ్చును. మరుసటి నెల మరల మొదటికే. కావున ఒక్కనికై కాక అందరికై, ఒక్క నెలకై కాక ప్రతి నెలకు తేదీ నిర్ణయమగుటకై దావా వేయుట మేలు. 2020లో ఒక విశ్రాంత న్యాయమూర్తి తన చదువును తోడివారందరికి ధారపోసిరి. కోస్గి వికలాంగులలో అట్టి చదువు గలవా రెందరు? వారి కొరకు ఆ పని చేయువా రెవరు? కొడంగలు, నారాయణపేట న్యాయస్థానములలో వకాల్తా చేయుచున్న మన యువకులను మేము పేరు పేరున అడుగుచున్నాము. నెలకొక్క ఆదివారము కోస్గికి వచ్చి, ఒక చెట్టు క్రింద కూర్చుండి, పది అర్జీలు వ్రాసిపెట్టుడు. ఉపాధ్యాయులును, కళాశాల విద్యార్థులును ప్రతి పల్లెలో నొక పుస్తకము పెట్టి, ఏ నెల పింఛను ఏ తేదీన వచ్చినదో వ్రాసియుంచుడు. ఏడాది తిరుగునప్పటికి ఆ పుస్తకమే గొప్ప సాక్ష్యమగును. ఆలస్యమును గూర్చి అందరును నిట్టూర్చుచున్నారు; ఎవరును లెక్క వ్రాయుట లేదు. లెక్క లేని బాధను ఏ న్యాయస్థానమును తూచలేదు.

సర్కారును మేము కోరునవి నాలుగే. ఒకటి, వికలాంగ పింఛను ప్రతినెల 7వ తేదీలోగా చెల్లింపబడునని ఉత్తరువు చేసి, ప్రతి గ్రామపంచాయతి గోడమీదను వ్రాయింపవలెను. రెండు, ఆ తేదీ దాటినచో అడుగకయే నూటికి 6 చొప్పున వడ్డీ చేర్చి యియ్యవలెను. మూడు, ఏ పింఛనునైనను నిలుపుటకు ముందు వ్రాతమూలకమైన నోటీసును, వినికిడిని ఇయ్యవలెను. నిలుపుట తప్పని తేలినచో నిలిపిన నెలలన్నిటి బాకీ నొక్కమారుగా చెల్లింపవలెను. నాలుగు, వ్రేలిముద్ర పడనివారికిని, మంచము దిగలేనివారికిని ధనమును ఇంటికే తెచ్చి యియ్యవలెను. ఇందు లేదియు అసాధ్యము కాదు. పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున 2024 జూలై 1న, నెల మొదటి దినముననే, వికలాంగులకు 6,000 రూపాయల పింఛనును ఇండ్లకు తీసికొనిపోయి యిచ్చిరి. తెలుగువారి యొక రాష్ట్రమున సాధ్యమైనది రెండవదానిలో అసాధ్యమని యెవరు నమ్ముదురు?

కోస్గిని గూర్చి మరియొక మాట. కొడంగలు నియోజకవర్గములో చేరిన పట్టణ మిది. ఆ నియోజకవర్గపు ప్రజ 2023లో ఎన్నుకొన్న ప్రతినిధియే ఆ డిసెంబరులో రాష్ట్ర ముఖ్యమంత్రియైరి. 2025 జనవరి 26న, రాజ్యాంగము పుట్టినదినమున, కోస్గి మండలమందలి చంద్రవంచ గ్రామమున ఆయనయే నాలుగు పథకములకు ప్రారంభోత్సవము చేసిరి. ఆ దినమున పందిరి వేళకు లేచినది, అధికారులు వేళకు వచ్చిరి, తేదీ తప్పలేదు. తేదీని పాటించుట సర్కారుకు చేతకాని పని కాదని చంద్రవంచ ప్రజ కన్నులార చూచినది. ప్రారంభమునకు పాటించిన తేదీని చెల్లింపునకును పాటింపుడని మాత్రమే మా ప్రార్థన. ముఖ్యమంత్రి గారి స్వంత నియోజకవర్గమున గోడమీద 7 అను అంకె వ్రాయించి, దానిని పన్నెండు నెలలు తప్పక నిలిపినచో, రాష్ట్రములోని ప్రతి మండలమును అదే కోరును. కోరుట వారి హక్కు. తీర్చుట సర్కారు విధి.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని మనవారందురు. చట్టసభ చట్టము చేసినది. ప్రభుత్వము మొత్తము నిర్ణయించినది. న్యాయస్థానములు దారి చూపినవి. కచ్చేరిలో నొక బల్లమీదనుండి మరియొక బల్లమీదికి కాగితము కదలుటయే మిగిలినది. ఆ కాగితము కదలుట కొక తేదీ పెట్టుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. కావున అడుగుట మన ధర్మము, రసీదుతో అడుగుట మన తెలివి, అందరును కలసి అడుగుట మన బలము. తన నెల కూడుకై వికలాంగుడు సర్కారు గడపలో నిలిచి చేయి చాచు దేశమున, స్వరాజ్య మింకను ఆ గడప దాటి లోనికి రాలేదని తెలిసికొనవలెను.